బిడ్డ పేరున దాచిన డబ్బు

పోపులపెట్టె అడుగున చిన్న పొట్లంలో నాలుగు నోట్లు దాచి, ఆ సంగతే మరిచిపోయి, ఆరు నెలల తర్వాత పెట్టె కడగబోతుంటే అవి కనబడగానే మురిసిపోని ఇల్లాలు మనలో ఎవరున్నారు చెప్పండి? మన డబ్బే మనకు దొరికినా, ఎవరో కానుక ఇచ్చినంత సంబరం. కానీ ఆ పొట్లం దాచింది మనం కాక మన అమ్మ అయితే? దాచిన సంగతి మనకు చెప్పకుండానే ఉండిపోతే? అప్పుడా డబ్బు మనదై ఉండి కూడా లేనట్టే కదూ! ఇలాంటి పని ఒక ఇంట్లో కాదు, ఒక దేశంలోనే జరిగింది. ఆ దేశం బ్రిటన్. ఈవేళ ఆ కథే చెప్పుకుందాం.

చిన్న మొత్తాల పొదుపు బ్రిటన్ వాళ్ళకు కొత్త కాదు. గ్లాడ్‌స్టన్ ఆర్థికమంత్రిగా ఉన్నప్పుడు, 1861లో, అక్కడ పోస్టాఫీసు సేవింగ్స్ బ్యాంకు పెట్టారు. అందులో ఒకసారికి కనీసం ఒక షిల్లింగు వెయ్యాలి. కూలిపని చేసుకునేవాళ్ళకూ పిల్లలకూ ఒక్కసారే షిల్లింగు ఎక్కణ్ణించి వస్తుంది? అందుకని 1880లో తపాలాశాఖ పెద్ద హెన్రీ ఫాసెట్ ఒక ఉపాయం చేశారు. ఒక కాగితం ఇచ్చి, దానిమీద పెన్నీ స్టాంపులు అంటించుకుంటూ పొమ్మన్నారు. పన్నెండు స్టాంపులు నిండితే షిల్లింగు అయినట్టే, తీసుకెళ్ళి ఖాతాలో వేసుకోవచ్చు. ఈ ఫాసెట్ గారు రెండు కళ్ళూ లేనివారు. మన దేశపు కష్టాల గురించి పార్లమెంటులో ఎంతగా మాట్లాడేవారంటే, ఆయన్ని ‘ఇండియా సభ్యుడు’ అని పిలిచేవారట. తర్వాత రెండేళ్ళకు, 1882లో, మన దేశంలోనూ పోస్టాఫీసు సేవింగ్స్ బ్యాంకు వచ్చింది.

అయితే ఇదంతా ఎవరి డబ్బు వాళ్ళు దాచుకోవడం. ప్రభుత్వమే బిడ్డ పేరున మొదటి సొమ్ము వేస్తే ఎలా ఉంటుందన్న ఆలోచన తర్వాతెప్పుడో వచ్చింది. మైకేల్ షెరాడెన్ అనే అమెరికా ఆచార్యుడు 1991లో ఒక పుస్తకం రాస్తూ, పేదవాడికి నెలనెలా చేసే సాయంతో ఆ నెల గడుస్తుంది గాని, చేతిలో కాస్త ఆస్తి అంటూ ఉంటేనే రేపటి మీద ఆశ పుడుతుందని వాదించాడు. మనకిది కొత్త మాటేం కాదు. ఆడపిల్ల పుట్టగానే కాసు బంగారమైనా కొనిపెట్టాలని చూసే మన బామ్మలకు ఇది పుస్తకం చదవకుండానే తెలుసు.

ఆ ఆలోచనను బ్రిటన్‌లో టోనీ బ్లెయిర్ ప్రభుత్వం అందుకుంది. 2001లో ప్రతిపాదన వచ్చింది. 2003 బడ్జెట్టులో ఆర్థికమంత్రి గోర్డన్ బ్రౌన్ ప్రకటించారు. 2004లో చట్టం అయింది. దాని పేరు చైల్డ్ ట్రస్ట్ ఫండ్. జనం ముద్దుగా ‘బేబీ బాండ్’ అన్నారు.

పద్ధతి ఇదీ. 2002 సెప్టెంబరు 1 నుంచి పుట్టిన బిడ్డకు, తల్లిదండ్రులు పిల్లల అలవెన్సు తీసుకుంటూ ఉంటే, 250 పౌన్ల ఓచరు ఒకటి ఇంటికి వచ్చేది. బీద కుటుంబమైతే మొత్తం 500 పౌన్లు. ఆ ఓచరు పట్టుకుని బ్యాంకుకో, పొదుపు సంఘానికో వెళ్ళి బిడ్డ పేరున ఖాతా తెరవాలి. తాతలూ మేనమామలూ ఎవరైనా అందులో డబ్బు వెయ్యవచ్చు. మొదట్లో ఏడాదికి 1,200 పౌన్ల దాకా వేసుకోనిచ్చారు. వచ్చిన వడ్డీకీ లాభానికీ పన్ను లేదు. కాని బిడ్డకు పద్దెనిమిదేళ్ళు నిండేదాకా తల్లిగాని తండ్రిగాని చిల్లిగవ్వ తీయడానికి వీల్లేదు. నిండాక ఆ డబ్బు అచ్చంగా బిడ్డదే.

మరి ఓచరును సొరుగులో పడేసి మరిచిపోయిన తల్లుల సంగతేమిటి? వాళ్ళను తప్పు పట్టకండమ్మా. పురిటి మంచం, రాత్రంతా పాలకోసం ఏడ్చే పిల్ల, ఇంట్లో ఇంకో చంటిది. అలాంటప్పుడు షేర్లా, డిపాజిట్టా అని అచ్చు కాగితాలు చదివి తేల్చుకునే ఓపిక ఎవరికుంటుంది? ప్రభుత్వానికీ ఆ సంగతి తెలుసు. అందుకే ఏడాదిలోగా ఓచరు వాడకపోతే, పన్నుల శాఖవాళ్ళే ఏదో ఒక సంస్థలో బిడ్డ పేరున ఖాతా తెరిచేశారు. పథకం మొత్తం మీద తెరిచిన ఖాతాలు దాదాపు 63 లక్షలైతే, అందులో నాలుగో వంతు పైగా ఇలా ప్రభుత్వమే తెరిచినవి.

ఎంత మంచి ఏర్పాటు అనిపిస్తుంది కదూ! ఏ బిడ్డకూ అన్యాయం జరగలేదు, డబ్బు భద్రంగా ఖాతాలో పడింది. కానీ చిక్కంతా అక్కడే వచ్చింది. తల్లి తన చేత్తో సంతకం పెట్టలేదు, తన కాళ్ళతో ఆ బ్యాంకు గుమ్మం ఎక్కలేదు. ఆ సంస్థ పేరే మనసులో నిలవలేదు. తర్వాత ఇల్లు మారారు. సంస్థ పంపిన కాగితాలు పాత ఇంటికే వెళ్ళాయి. కొన్ని సంస్థలు ఖాతాలను వేరే సంస్థలకు అప్పగించడంతో పేర్లూ మారాయి.

ఇంతలో పథకానికే గండం వచ్చింది. 2008లో ప్రపంచమంతటా బ్యాంకులు తలకిందులయ్యాక బ్రిటన్ ఖజానాకు లోటు పడింది. 2010లో కొత్త ప్రభుత్వం వచ్చి ఖర్చులు తగ్గించుకుంది. ఆ ఆగస్టు నుంచి 250 పౌన్లు కాస్తా 50 అయ్యాయి. ఏడో పుట్టినరోజుకు ఇంకో 250 ఇస్తామన్న మాట ఏడాది కూడా నిలవలేదు. 2011 జనవరి 2 తర్వాత పుట్టిన పిల్లలకు అసలే లేదు. పథకం ఆగిపోయిందని పేపర్లలో వచ్చేసరికి, తమ బిడ్డ ఖాతా కూడా పోయిందనుకున్నవాళ్ళు ఉంటారు. పోలేదు. కొత్త ఖాతాలు ఆగాయి గాని, ఉన్నవి అలాగే పెరుగుతున్నాయి.

మొదటి విడత పిల్లలకు 2020 సెప్టెంబరులో పద్దెనిమిదేళ్ళు నిండాయి. డబ్బు తీసుకోవడానికి అందరూ పరుగెత్తుకొస్తారనుకుంటే, లక్షలమంది రానేలేదు. 2024 సెప్టెంబరులో పన్నుల శాఖ చెప్పిన లెక్క ప్రకారం, పద్దెనిమిది నుంచి ఇరవై రెండేళ్ళ లోపు వాళ్ళవి 6 లక్షల 70 వేలకు పైగా ఖాతాలు అడిగేవాళ్ళు లేక పడి ఉన్నాయి. సగటున ఒక్కోదానిలో 2,212 పౌన్లు. మన రూపాయల్లో రెండు లక్షల పైమాటే. చదువు ఫీజు కట్టలేక, అద్దె గదికి అడ్వాన్సు ఇవ్వలేక తిప్పలు పడే కుర్రవాడికి అదెంత ఆసరా!

నా మనసు కలచివేసిన సంగతి ఇంకొకటుంది. ఓచరు వాడనివాళ్ళు బీద కుటుంబాల్లోనే ఎక్కువ. అంటే ఎవరికి రెట్టింపు ఇచ్చారో, వాళ్ళ డబ్బే ఎక్కువగా మరుగున పడింది. అమ్మా నాన్నా లేక సర్కారు సంరక్షణలో పెరిగిన పిల్లలకైతే గుర్తుచేసే మనిషే లేదు. వాళ్ళ ఖాతాలు చూసే బాధ్యత ఒక ధర్మసంస్థకు అప్పగించారు. ఇక బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల తల్లులది మరో కష్టం. పిల్లవాడికి పద్దెనిమిది నిండాయి గాని సంతకం పెట్టే తెలివి లేదు. ఆ డబ్బు తీయాలంటే తల్లి కోర్టు అనుమతి తెచ్చుకోవాలి. ఇన్నేళ్ళూ కంటికి రెప్పలా పెంచిన తల్లిని చట్టం ‘నువ్వెవరు?’ అని అడుగుతుంది.

ఖాతా వెతుక్కోవడం మాత్రం కష్టం కాదు. అక్కడ పదహారేళ్ళు రాబోతుండగా ప్రతి ఒక్కరికీ నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు వస్తుంది. ఆ నంబరూ పుట్టినతేదీ ఇచ్చి ప్రభుత్వ వెబ్‌సైటులో అడిగితే, ఖాతా ఏ సంస్థలో ఉందో తెలియజేస్తారు. పైసా ఖర్చు లేదు. ‘మేం వెతికిపెడతాం’ అని వాటా అడిగే దళారులు అక్కడా ఉన్నారు. వాళ్ళ జోలికి పోనక్కరలేదు.

ఈ కథ మనకెందుకంటారా? మన తెలుగు డాక్టర్లూ ఇంజనీర్లూ ఎందరో ఆ దేశంలో స్థిరపడ్డారు. కొందరు కొన్నేళ్ళుండి హైదరాబాదుకో విశాఖకో తిరిగి వచ్చేశారు. మీ మనుమడో, అక్కయ్యగారి అమ్మాయో 2002 సెప్టెంబరుకూ 2011 జనవరికీ మధ్య అక్కడ పుట్టి ఉంటే, అప్పట్లో పిల్లల అలవెన్సు తీసుకున్నారేమో ఒక్కసారి అడగండి. తీసుకుని ఉంటే ఆ బిడ్డకు ఖాతా ఉండవచ్చు. ఇన్సూరెన్స్ నంబరు రాకముందే వచ్చేసినవాళ్ళు, పేరూ పుట్టినతేదీ రాసి అక్కడి పన్నుల శాఖకు ఉత్తరం పెట్టుకోవచ్చు. కేవలం వీసా మీద ఉన్నవాళ్ళలో చాలామందికి ఆ అలవెన్సు రాదు కనుక వాళ్ళు ఆశ పెట్టుకోవద్దు.

మనింటి సంగతి కూడా చూసుకుందాం. 2015లో సుకన్య సమృద్ధి పథకం వచ్చాక ఎందరో తల్లులు పదేళ్ళ లోపు ఆడపిల్లల పేరున పోస్టాఫీసులో ఖాతాలు తెరిచారు. పదిహేనేళ్ళు కట్టాలి, ఖాతా తెరిచిన ఇరవై ఒక్క ఏళ్ళకు మొత్తం చేతికొస్తుంది. ఇరవై ఒక్క ఏళ్ళలో ఎన్ని ఇళ్ళు మారతాం, ఎన్ని బదిలీలు! మన దేశంలోనూ చిన్న మొత్తాల పొదుపు ఖాతాల్లో, ఖాతా కదలికలేనిదని ప్రకటించాక ఏడేళ్ళు ఎవరూ అడగని డబ్బు వృద్ధుల సంక్షేమ నిధికి వెళుతుంది. బ్యాంకులో పదేళ్ళు కదలని డబ్బు రిజర్వు బ్యాంకు నిధికి చేరుతుంది. తిరిగి అడిగితే ఇస్తారు గాని, అడగాలంటే ముందు తెలిసుండాలి. బ్యాంకుల్లో మరిచిపోయిన డబ్బు వెతుక్కోవడానికి రిజర్వు బ్యాంకు 2023లో ‘ఉద్గమ్’ అనే వెబ్‌సైటు పెట్టింది. అందులో చాలా బ్యాంకులు ఒకేచోట చూడవచ్చు.

బ్రిటన్ వాళ్ళు డబ్బు దాచడంలో పొరపాటు చేయలేదు. బిడ్డకు చెప్పడంలో చేశారు. కనుక ఈ సాయంత్రం పాస్‌బుక్కులన్నీ తీసి, ఒక నోటుపుస్తకంలో ఏ ఖాతా ఏ ఊళ్ళో, ఎవరి పేరున, ఎప్పటికి గడువు అన్నది రాసిపెట్టండి. రాసి బీరువాలో పెట్టి తాళం వేసెయ్యకండి. పిల్లనో పిల్లవాణ్ణో పక్కన కూర్చోబెట్టుకుని, ‘ఇదుగో, ఇది నీది’ అని చూపించండి. డబ్బు దాచిన తల్లి మాటకూడా దాచుకుంటే, ఆ బిడ్డకు అందేదేమీ ఉండదు. సెలవు.