తవ్వడమే కొలువుగా బతికిన కుక్కలు

1962లో అమెరికాలో కుక్కల శిక్షణ మీద ఒక పుస్తకం వచ్చింది. రాసిన విలియం కోహ్లర్ ఆ విద్యలో పేరుమోసినవాడు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో సైన్యం కోసం కుక్కలను తయారుచేశాడు. ఆ తర్వాత వాల్ట్ డిస్నీ సినిమాల్లో కనిపించే జంతువులకు శిక్షణ ఇచ్చాడు. పెరట్లో గోతులు తవ్వే కుక్కకు ఆయన రాసిచ్చిన మందు ఇది: అది తవ్విన గోతినే నీళ్లతో నింపాలి. కుక్కను లాక్కొచ్చి, మెడ వంచి, ముఖాన్ని ఆ నీళ్లలో ముంచాలి. ఎంత గింజుకున్నా వెంటనే వదలకూడదు.

రెండు గుప్పిళ్ల మట్టి తీసినందుకు ఇంత శిక్షా? ఈ ప్రశ్న వెనక నాలుగు వందల ఏళ్ల చరిత్ర ఉంది. ఆ కాలంలో ఎక్కువ భాగం కుక్క తవ్వాలనే మనిషి కోరుకున్నాడు. బాగా తవ్వే కుక్కను ఏరి, దాని పిల్లలను పెంచి, వాటిలో ఇంకా బాగా తవ్వేదాన్ని మళ్లీ ఏరాడు.

ఫ్రాన్స్‌లో జాక్ దు ఫుయూ అనే జమీందారు 1561లో వేట గురించి ఒక గ్రంథం ప్రచురించాడు. నక్కలను, నేలలో బొరియలు చేసుకుని బతికే బ్యాడ్జర్లనే జంతువులను బయటికి తీసే పద్ధతిని అందులో పూసగుచ్చినట్టు వివరించాడు. పొట్టి కాళ్ల కుక్క మెడకు గజ్జెల పట్టీ కట్టి బొరియలోకి వదలాలి. అది లోపలికి పోయి జంతువును ఒక మూలకు నెట్టి, అక్కడే నిలబడి మొరగాలి. పైన ఉన్న మనుషులు నేల మీద చాపలు పరుచుకుని, చెవి ఆనించి, మొరుగు ఎక్కడినుంచి వస్తోందో కనిపెట్టాలి. ఆ తర్వాతే పలుగూ పారా పట్టాలి. అంటే కుక్క పని సగం తవ్వకం, సగం కబురు. నేల కింద చీకట్లో ఒంటరిగా, యజమాని మాట వినపడని చోట, తన తెలివితో తాను పోరాడాలి. ఈ రోజు ఇంటాయన ‘ఎంత పిలిచినా పలకదు, తవ్వుతూనే ఉంటుంది’ అని విసుక్కునే గుణం అప్పట్లో దాని మొదటి అర్హత.

ఇంగ్లండులో ఎలిజబెత్ రాణికి ఆస్థాన వైద్యుడిగా పనిచేసిన జాన్ కీస్ 1570లో లాటిన్‌లో వెలువరించిన చిన్న పుస్తకంలో ఆ దేశపు కుక్కలను వాటి పనిని బట్టి విభజించాడు. టెర్రియర్ల పేరు అందులో ఉంది. నేల లోపలికి దూరి, నక్కనో బ్యాడ్జర్‌నో కరిచి భయపెట్టి బయటికి తరమడమే వాటి వృత్తిగా చెప్పాడు. రూపం, రంగు తర్వాతి సంగతి. కుక్కకు ఏ పని వచ్చో అదే దాని జాతి.

జర్మనీలో ఇదే అవసరం డాషండ్‌ను తీర్చిదిద్దింది. హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో సోఫా మీద పడుకుని కనిపించే ఈ పొడుగు నడుం కుక్కను దగ్గర నుంచి చూస్తే వేటగాళ్ల లెక్క అర్థమవుతుంది. ముందరి పంజాలు వెనకవాటి కంటే పెద్దవి, మందమైనవి. మట్టిని వెనక్కి తోయడానికి అవి పనికొస్తాయి. ఛాతీ లోతుగా ఉంటుంది, ఇరుకులో ఊపిరి ఆడటానికి. ఒళ్లు చిన్నదే కానీ గొంతు పెద్దది. నేల కింద మొరిగితే పైకి వినపడాలి మరి. జర్మన్లు ఈ కుక్కను ఎత్తుతో కాక ఛాతీ చుట్టుకొలతతో కొలిచేది కూడా అది ఏ బొరియలో పడుతుందో తెలియడానికే. 1888లో ఈ జాతి కోసం ఆ దేశంలో ప్రత్యేక సంఘం ఏర్పడింది. పొట్టి కాళ్ల వెనక ఉన్న జన్యువు మాత్రం చాలా ఆలస్యంగా దొరికింది. డాషండ్ వంటి కురచ కాళ్ల జాతులన్నిటిలోనూ ఎఫ్‌జీఎఫ్4 అనే జన్యువుకు అదనపు నకలు ఒకటి ఉందని అమెరికా శాస్త్రవేత్తలు 2009లో ప్రకటించారు.

టెర్రియర్ చరిత్రలో అందరికీ తెలిసిన పేరు పాదిరి జాన్ రస్సెల్‌ది. 1795లో డెవన్ ప్రాంతంలో పుట్టిన ఆయనకు ప్రార్థన ఎంతో వేట అంత. ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకునే రోజుల్లో ఒక పాలవాడి వెంట నడుస్తున్న తెల్లటి ఆడ టెర్రియర్‌ను చూసి, అక్కడికక్కడే బేరమాడి కొన్నాడు. పేరు ట్రంప్. రెండు కళ్ల మీద, చెవుల మీద, తోక మొదట్లో మాత్రం ముదురు మచ్చలు. ఆయన పెంచిన టెర్రియర్ల సంతతికి ఆ కుక్కే మూలం. నక్కను చంపే కుక్క ఆయనకు అక్కర్లేదు. దాన్ని కలుగులోంచి బయటికి తరిమితే చాలు, మిగతా పని గుర్రాలదీ, వేటకుక్కలదీ. 1873లో ఇంగ్లండులో కెనెల్ క్లబ్ పెట్టినవాళ్లలో ఆయన కూడా ఒకడు.

ఆ వేట చుట్టూ మనుషులకూ కొలువులు ఉండేవి. వాటిలో బొరియలు మూసే కొలువు ఒకటి. నక్కలు మేతకు పోయే రాత్రి వేళ, లాంతరూ పారా పట్టుకుని, ఒక మనిషి అడవంతా తిరిగి బొరియల నోళ్లన్నీ మట్టితో పూడ్చేవాడు. తెల్లారేసరికి ఇంటికి దారి లేక నక్క బయటే చిక్కుబడేది. అప్పటికీ ఏదో ఒక కలుగులో దూరిందంటే టెర్రియర్‌ను దింపేవారు.

తవ్వే కుక్క కొలువు ఒక్కసారిగా పోలేదు, మెల్లగా జారిపోయింది. బ్యాడ్జర్ మీదికి కుక్కలను ఉసిగొల్పే పందేలను బ్రిటన్ 1835లో చట్టం చేసి ఆపింది. బ్యాడ్జర్లకు ప్రత్యేక రక్షణ 1973లో వచ్చింది. ఇంగ్లండ్, వేల్స్‌లలో కుక్కలతో నక్కలను వేటాడటాన్ని 2004 నాటి చట్టం నిషేధించింది. నేల కింద కుక్కను దింపడానికి కఠిన షరతులతో ఒక చిన్న మినహాయింపే మిగిలింది. ఇదే కాలంలో ఇంటి ముంగిలి కూడా మారింది. 1830లో గ్లోస్టర్‌షైర్‌కు చెందిన ఎడ్విన్ బడ్డింగ్ గడ్డి కోసే యంత్రానికి పేటెంట్ తీసుకున్నాడు. అంతవరకు కొడవళ్లు పట్టిన కూలీలను పెట్టుకోగల దొరలకే ఉన్న పచ్చిక, క్రమంగా మధ్యతరగతి ఇంటి ముందుకూ వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికాలో వెలసిన కాలనీల్లో నున్నగా కత్తిరించిన పచ్చిక ఇంటి మర్యాదకు గుర్తయింది. అదే కుక్క, అవే పంజాలు. వేటగాడు మెచ్చుకున్న పనికే ఇంటి యజమాని చేతిలో శిక్ష పడింది. కోహ్లర్ పుస్తకం ఈ పచ్చికల కాలంలోనే పుట్టింది.

విచిత్రమేమంటే, శిక్ష సంగతి అటుంచి బహుమతితోనైనా ఇలాంటి పుట్టు గుణాన్ని తుడిచెయ్యడం సులువు కాదని అంతకు ఏడాది ముందే రుజువైంది. మనస్తత్వవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ దగ్గర పనిచేసిన కెల్లర్ బ్రీలండ్, మేరియన్ బ్రీలండ్ దంపతులు ప్రదర్శనల కోసం జంతువులకు శిక్షణ ఇచ్చే సంస్థ నడిపేవారు. చెక్క నాణేలను మోసుకెళ్లి డిబ్బీలో వేస్తే మేత దొరుకుతుందని పందులకు నేర్పారు. కొన్నాళ్లు చక్కగా వేశాయి. తర్వాత దారిలోనే నాణేన్ని కింద పడేసి, మూతితో నేలను తవ్వినట్టు కుమ్మడం మొదలుపెట్టాయి. ఆకలి పెంచితే ఆ కుమ్ముడు ఇంకా ఎక్కువైంది. నేర్పిన విద్యను పుట్టుకతో వచ్చిన అలవాటు లాక్కుపోతుందని వాళ్లు 1961లో వ్యాసం రాశారు.

తవ్వే కుక్కను చూసే తీరులో మార్పు నిదానంగా వచ్చింది. 1971లో అమెరికాలో టెర్రియర్ల పనితనాన్ని కాపాడటానికి ఒక సంఘం ఏర్పడింది. 1994లో అమెరికన్ కెనెల్ క్లబ్ కూడా ఈ పనితనాన్ని పరీక్షించే పోటీలకు గుర్తింపు ఇచ్చింది. నేలలో చెక్కలతో సొరంగం కడతారు. దాని చివర పంజరంలో ఎలుకలను, కుక్క అందుకోలేనట్టుగా, భద్రంగా ఉంచుతారు. కుక్క లోపలికి దూరి, వాసన పట్టి, మొరిగి గీకితే నెగ్గినట్టు. రక్తం చిందదు, పాత విద్య మరుగున పడదు.

ఇళ్లలోకి ఇదే ఆలోచనను తెచ్చినవాళ్లలో బ్రిటన్‌లో పశువైద్యం చదివి అమెరికాలో స్థిరపడిన ఇయాన్ డన్బార్ ముఖ్యుడు. తవ్వకాన్ని మాన్పించడం కంటే దానికి చోటు చూపించమన్నాడు ఆయన. పెరట్లో ఒక మూల గట్టు కట్టి, వదులు మట్టో ఇసుకో పోసి, అందులో బొమ్మలూ నమిలే ఎముకలూ పాతిపెట్టాలి. అక్కడ తవ్వితే ఏదో ఒకటి దొరుకుతుంది, మల్లెపాదులో తవ్వితే ఏమీ దొరకదు. నాలుగు రోజులు పక్కన నిలబడి చూపిస్తే, చాలా కుక్కలు లాభం ఉన్న చోటికే పోతాయి.

మన ఊళ్లలో తవ్వే కుక్కకు వేట చరిత్ర ఉండకపోవచ్చు, కారణం మాత్రం ఉంటుంది. గొయ్యి ఎక్కడుందో చూస్తే చాలా వరకు తెలిసిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో బావి చప్టా పక్కన, కొబ్బరి చెట్టు పాదులో తవ్విందంటే అది చల్లదనం కోసం. కుక్కకు పాదాల అడుగున తప్ప ఒంటికి పెద్దగా చెమట పట్టదు. పైమట్టి గీకి, తడిమట్టికి పొట్ట ఆనించి పడుకోవడం దానికి తెలిసిన ఉపాయం. గోడ వెంట వరసగా తవ్వితే పునాది కింద పందికొక్కు కలుగు ఉందేమో చూడాలి. గేటు కింద తవ్వితే బయటికి పోవాలని ఆరాటం. ఈనబోయే కుక్క మూలన గుంత చేసుకుంటే పిల్లల కోసం. పగలంతా గొలుసున ఉన్న కుక్క వదలగానే పెరడంతా తవ్విందంటే విసుగు, కట్టేసిన కాళ్ల తిమ్మిరి.

ఆ గొలుసు సంగతి మన చట్టంలోనూ ఉంది. 1960 నాటి జంతు హింస నివారణ చట్టంలోని 11వ సెక్షన్ ప్రకారం, అదే పనిగా కట్టేసి ఉంచిన కుక్కకు యజమాని సరిపడా వ్యాయామం కల్పించకపోవడం నేరం. గోతిలో మిరప్పొడి చల్లడం, కొట్టడం మన దగ్గర ఇంకా వినిపించే చిట్కాలు. కారం కుక్క కళ్లనూ ముక్కునూ మండిస్తుందే తప్ప అది ఎందుకు తవ్విందో ఆ కారణాన్ని ముట్టుకోదు. పొద్దున్నే అరగంట నడక, పాదు చుట్టూ మట్టి కింద పరిచిన ఇనుప జాలి, నీడ పట్టున ఒక ఇసుక మూల ఉంటే ఖర్చు పెద్దగా కాదు. వేసవిలో ఆ ఇసుక మీద రోజూ ఒక బిందెడు నీళ్లు చల్లితే, చల్లదనం వెతుక్కునే కుక్క మల్లెపాదు జోలికి పోవడం చాలా వరకు తగ్గుతుంది.