పత్తి ఏపుగా పెరిగిందని సంబరపడొద్దు.. ఎత్తుకు బ్రేక్ వేసేదెప్పుడు? ఎలా?

పత్తికొండ: భుజాల దాకా పెరిగిన పత్తి చేను చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. తీరా ఏరేటప్పుడే లెక్క తేడా కొడుతుంది. ఎత్తు ఉంది, ఆకు ఉంది.. కాయ మాత్రం లేదు. అలాగని ఎత్తు తగ్గించే మందు అందరూ కొట్టాల్సిన పని లేదు. వాన కోసం ఎదురుచూస్తున్న ఎర్ర నేలలో కొడితే వచ్చే కాపు కూడా తగ్గిపోవచ్చు. పత్తికొండ, ఆదోని, ఎమ్మిగనూరు వైపు రైతులు మందు కొనే ముందు తెలుసుకోవాల్సిన విషయాలివి.

మొక్క ఎందుకు ఎగబాకుతుంది?

పత్తికి ఇంత ఎత్తు పెరిగి ఆగిపోవాలన్న హద్దు లేదు. నీరు, ఎరువు అందినంత కాలం కొస పెరుగుతూనే ఉంటుంది. దానికి సహజమైన బ్రేక్ కాయలే. కాయలు పట్టాక మొక్క తన ఆహారాన్ని వాటికి పంపుతుంది, కొస నెమ్మదిస్తుంది. పూత, గూడ రాలిపోతే ఆ బలమంతా కాండానికి, ఆకుకి వెళ్తుంది.

ముఖ్య కారణాలు ఇవే:
* యూరియా ఒకేసారి ఎక్కువ వేయడం
* వరుసగా ముసురు, మబ్బు పట్టడం
* పురుగు వల్ల గూడ, పిందె రాలడం
* రేగడి నేలలో కాలువ నీరు, బోరు నీరు పుష్కలంగా అందడం

అందుకే తుంగభద్ర దిగువ కాలువ కింద ఉన్న చేనుకీ, పత్తికొండ వైపు వానాధార చేనుకీ ఒకే సలహా పనికిరాదు.

ఎత్తు పెరిగితే నష్టమేంటి?

కొమ్మలు కలిసిపోతే కింది కాయలకు ఎండ, గాలి తగలవు. కింది గూడ రాలుతుంది, వానలు పడితే కాయ కుళ్లు వస్తుంది. మందు కొట్టినా లోపలికి చేరదు. అన్నిటికంటే పెద్ద సమస్య పంట ఆలస్యం కావడం. పైన కొత్త పూత వస్తూనే ఉంటే గులాబీ రంగు పురుగుకు మేత దొరుకుతూనే ఉంటుంది. ఈ పురుగు బీటీ-2 పత్తిని కూడా తట్టుకుంటోంది. అందుకే పంటను జనవరి దాకా సాగదీయకుండా డిసెంబరులోపే ముగించాలని శాస్త్రవేత్తలు చెబుతున్నారు.

మీ చేనుకు అవసరమా? ఇలా చూడండి

ఒక స్కేలు చాలు. చేనులో అక్కడక్కడా పది మొక్కలు చూడండి.
* కొస నుంచి కిందికి కణుపులు లెక్కపెట్టండి. 4వ, 5వ కణుపుల మధ్య దూరం సుమారు 3 అంగుళాలు ఉంటే మొక్క మితిమీరి పెరుగుతున్నట్టు.
* 2 అంగుళాల లోపే ఉంటే మందు అక్కర్లేదు.
* ఆ రోజు విచ్చిన తెల్ల పువ్వు పైన ఎన్ని కణుపులున్నాయో చూడండి. ఐదుకు మించి లేకపోతే పెరుగుదల దానంతట అదే ఆగిపోతోంది. ఇక ఖర్చు దండగ.
* మధ్యాహ్నం ఆకులు వాడుతుంటే మందు జోలికే వెళ్లొద్దు.

మందు ఎలా పనిచేస్తుంది?

ఎత్తు అదుపు చేయడానికి వాడేది మెపిక్వాట్ క్లోరైడ్. కాండాన్ని సాగదీసే జిబ్బరెల్లిన్ అనే హార్మోను మొక్కలో తయారవడాన్ని ఇది తగ్గిస్తుంది. దాంతో కొత్తగా వచ్చే కణుపులు దగ్గర దగ్గరగా వస్తాయి. ఇప్పటికే పెరిగిన ఎత్తు మాత్రం ఒక్క అంగుళం కూడా తగ్గదు. అందుకే చేను చేయి దాటాక కొట్టి లాభం లేదు.

5 శాతం ద్రావణాన్ని లీటరు నీటికి 1 మి.లీ. చొప్పున, అంటే 15 లీటర్ల ట్యాంకుకు 15 మి.లీ. కలపాలి. విత్తిన 45 రోజులప్పుడు ఒకసారి, అప్పటికీ పెరుగుదల ఆగకపోతే 60-65 రోజులకు రెండోసారి కొట్టొచ్చు. డబ్బా మీద రాసిన మోతాదు దాటొద్దు. నేలలో తేమ ఉండాలి, వెంటనే వాన పడే సూచన ఉండకూడదు.

జాగ్రత్త: కొన్ని టానిక్కుల్లో జిబ్బరెల్లిక్ ఆమ్లం ఉంటుంది. అది మొక్కను సాగదీస్తుంది. ఒకవైపు అది, మరోవైపు ఇది కొడితే రెండు ఖర్చులూ వృథా. కొనే ముందు లేబుల్ చదవండి.

మందు లేకుండా.. తల తుంచడం

ఇది పాత పద్ధతే. ప్రధాన కాండం కొసను చేత్తో తుంచేస్తే బలం పక్క కొమ్మలకు, కాయలకు మళ్లుతుంది. సూటి రకాల్లో 15వ కణుపు పైన, 75-80 రోజులకు తుంచాలి. హైబ్రిడ్లలో 20వ కణుపు పైన, 85-90 రోజులకు తుంచాలి. కొస మాత్రమే తీయాలి, కాయ కొమ్మలు విరవొద్దు. కూలీ ఖర్చు ఉంటుంది కాబట్టి బాగా ఎగబాకిన చోట వరకే చేయించినా సరిపోతుంది.

దగ్గర దగ్గరగా వేస్తే తప్పదు

అధిక సాంద్రత పద్ధతిలో సాళ్ల మధ్య 90 సెం.మీ., మొక్కల మధ్య 15 సెం.మీ. దూరం పెడతారు. ఎకరాకు దాదాపు 30 వేల మొక్కలు పడతాయి. అదే 90×60 సెం.మీ. దూరంలో సుమారు 7,500 మాత్రమే. ఒక్కో మొక్కకు కొద్ది కాయలే వచ్చినా, అన్నీ ఒకేసారి పగిలి పంట త్వరగా చేతికొస్తుందన్నది ఈ పద్ధతి లెక్క. అయితే ఇంత దగ్గరగా వేసి ఎత్తును వదిలేస్తే చేను అడవి అవుతుంది. ఇక్కడ ఎత్తు అదుపు సాగులో భాగమే. పొట్టిగా, గుబురు లేకుండా పెరిగే రకాన్ని ఎంచుకుంటే సగం పని విత్తనం దగ్గరే అయిపోతుంది.

చివరగా..

ముందు యూరియా విడతలుగా వేయండి, రసం పీల్చే పురుగును ఆపి పూత, గూడ నిలబెట్టండి. అప్పటికీ కణుపులు సాగుతుంటేనే మందు లేదా తుంచడం. అనుమానం ఉంటే పది మొక్కల కొలతలు కాగితం మీద రాసుకుని రైతు సేవా కేంద్రానికి గానీ, ఎమ్మిగనూరు దగ్గరి బనవాసి కృషి విజ్ఞాన కేంద్రానికి గానీ వెళ్లండి. కొలతలు చేతిలో ఉంటే సలహా కూడా మీ చేనుకు తగ్గట్టే దొరుకుతుంది.