వ్యాయామము - అర్ధశక్తి



వ్యాయామమనగానే మనకు గోదాలో దిగిన మల్లుడు గాని, పాఠశాలలో ఈల యూదు మాష్టరు గాని జ్ఞాపకమునకు వచ్చును. అది పడుచువారి పనియనియు, వయసు మీఱినవారికి దానితో నిమిత్తము లేదనియు మనలో పెక్కుమంది తలచుచున్నారు. మన పూర్వులట్లు తలపలేదు. ఈ సంగతిని చరిత్రమును బట్టి విన్నవించెదను.

1520 ప్రాంతమున డొమింగో పేస్ అను పోర్చుగీసు యాత్రికుడు విజయనగరమును దర్శించి, శ్రీకృష్ణదేవరాయల దినచర్యను వ్రాసియుంచెను. 1513 మొదలుకొని పలుమాఱు తిరుమలకు వచ్చి శ్రీనివాసుని సేవించిన రాయలే యీయన. రాయలు తెల్లవాఱకమునుపే నువ్వులనూనె త్రాగి, ఒడలెల్ల నూనె పట్టించుకొని, మట్టితో జేసిన పెద్ద బరువులను చేతులతో నెత్తి, త్రాగిన నూనె చెమటయై కాఱువఱకు కత్తిసాము చేయుచుండెనట. పిమ్మట తన మల్లులలో నొకనితో కుస్తీ పట్టి, గుఱ్ఱమెక్కి సూర్యోదయము వఱకు మైదానమున స్వారి చేయుచుండెనట. చక్రవర్తి యే పనికైనను సేవకుని నియమింపగలడు; చెమటోడ్చుటకు మాత్రము మాఱుమనిషిని బెట్టలేడు.

అయితే యెంత శ్రమ చేయవలెను? దీనికి మన వైద్యాచార్యులు స్పష్టమైన కొలత నిచ్చిరి. సుశ్రుతుడును, వాగ్భటుడును తన బలములో సగము మేరకే వ్యాయామము చేయవలెనని విధించిరి. ఆ సగమును గుర్తించుట యెట్లు? లోపలి శ్వాస నోటికి వచ్చునంతటి శ్రమయే అర్ధశక్తియని సుశ్రుతుడు చెప్పెను. మితిమీఱినచో దప్పి, దగ్గు, జ్వరము, వాంతి మున్నగునవి కలుగునని చరకుడు హెచ్చరించెను. ప్రమేహరోగికి సుశ్రుతుడు చెప్పిన చికిత్స మఱింత విచిత్రము. ధనహీనుడైన రోగి చెప్పులు, గొడుగు లేకుండ నూఱు యోజనములు నడువవలెను. మఱికొందఱు నిత్యము దున్నవలెను, లేదా బావి త్రవ్వవలెను.

మన కాపులకు ఆ చికిత్సయే జీవనముగా నుండెను. ఏతము త్రొక్కినవారికిని, కపిల తోలినవారికిని, వడ్లు దంచి రాగులు విసరిన యిల్లాండ్రకును వేఱు సాము అక్కఱలేకపోయెను. సంతకు కాలినడకను బోయి, గంప నెత్తిన బెట్టుకొని మరలివచ్చినవారు దానిని వ్యాయామమని యెఱుగరు. పని వేఱు, పథ్యము వేఱు కాకుండెను.

తరువాతి కాలమున వ్యాయామము ప్రత్యేకవిద్యగా మాఱెను. మన సత్యవేడు 1960 వఱకు చెంగల్పట్టు జిల్లాలోనిదే కావున, చెన్నపట్టణము మనకు పరాయి యూరు కాదు. ఆ పట్టణమునందలి సైదాపేటలో వ్యాయామోపాధ్యాయ శిక్షణము పొంది, విజయనగరమున బాలురకు నేర్పిన మహానుభావుడు కోడి రామమూర్తి నాయుడుగారు. ఉక్కు గొలుసులను ఱొమ్ముతో ద్రెంచి కలియుగ భీముడని కీర్తి కెక్కి, 1942లో కీర్తిశేషులైరి. 1920లో హ్యారీ క్రో బక్ అను అమెరికా దేశస్థుడు చెన్నపట్టణముననే వై.ఎం.సి.ఎ. వ్యాయామ కళాశాలను స్థాపించెను. ఈ మహనీయుల కృషి ప్రశంసార్హమే. కాని లోకము రామమూర్తిగారి గొలుసులనే తలచుకొన్నది, వారు బాలురకు నేర్పిన సంగతిని మఱచినది. బలవంతుని జూచి మెచ్చుకొనుటతో మన వంతు తీఱెననుకొంటిమి.

అంతలో కపిలబావికి విద్యుత్ మోటారు వచ్చెను, ఱోలు మూలబడెను, నడకకు బదులు బండి వచ్చెను. 2008లో మన పొరుగున శ్రీసిటీ వెలసినది. మన బిడ్డలు బస్సులెక్కి పనికి బోవుచున్నారు. ఇది యభివృద్ధియే, దీనిని నేను దూషింపను. వెన్ను విఱుచు చాకిరి మరల రావలెనని కోరువాడు ఆ చాకిరి నెఱుగడు. కాని చాకిరితోబాటు ఆరోగ్యమునకు వలసిన కదలికయు పోయినది.

దాని ఫలమును లండన్ నగరమున జెరీ మోరిస్ అను వైద్యుడు తేటపఱచెను. నాడు ఆ నగరపు బస్సులు పెక్కు రెండంతస్తులవి. డ్రైవరు దినమంతయు గూర్చుండెడివాడు; కండక్టరు మెట్లెక్కుచు దిగుచుండెడివాడు. ఒకే సంస్థ, ఒకే బస్సు. అయినను కండక్టర్లకంటె డ్రైవర్లకే గుండెజబ్బు ఎక్కువగా వచ్చుచున్నట్లు 1953లో ఆయన ప్రకటించెను. మన దేశమున 10 కోట్ల 10 లక్షలమందికి మధుమేహమున్నదని భారత వైద్య పరిశోధన మండలి 2023లో ప్రకటించిన అంచనా తెలుపుచున్నది. దీనికి కారణములు పెక్కు; కూర్చున్నచోటనే యుండుట వానిలో నొకటి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెద్దలకు చెప్పిన మోతాదు వారమునకు 150 మొదలు 300 నిమిషముల మధ్యమశ్రమ. అనగా వారములో అయిదు దినములు అరగంట చొప్పున వడిగా నడచినను చాలును. వృద్ధులు పడిపోకుండుటకై నిలుకడను బెంచు అభ్యాసములు వారమునకు మూడు దినములు చేయవలెను. మధ్యమశ్రమకు నేటి వైద్యులు చెప్పు గుర్తు: నడచుచు మాటలాడగలుగవలెను, పాట పాడలేకపోవలెను. సుశ్రుతుని అర్ధశక్తికి ఇది యెంత దగ్గఱగా నున్నదో చూడుడు.

ఒక్కచోట మాత్రము పాతమాటను విడువవలెను. మధుమేహరోగి వట్టికాళ్లతో నడువరాదు. స్పర్శజ్ఞానము తగ్గిన పాదమున ముల్లు గ్రుచ్చుకొన్నను తెలియదు. ఆ పుండు ముదిరి కాలికే ముప్పు తెచ్చును. మందులు వాడువారికి చక్కెర హఠాత్తుగా తగ్గవచ్చును గావున, కొంచెము పంచదారయో బెల్లమో వెంట నుంచుకొనవలెను. ఱొమ్ములో నొప్పి తోచిన వెంటనే నిలిచి, వైద్యుని జేరవలెను.

పెద్దలారా, ఊరి బడి ఆటస్థలము అన్యాక్రాంతము కాకుండ కాపాడుట మీ చేతిలోనున్నది. ఉదయమున చెఱువుకట్టపై మీరు నలుగురు కలిసి నడచితిరేని, మీ కోడండ్రును, కుమార్తెలును సంకోచము విడిచి నడచెదరు. పిల్లలు మన మాట వినకపోవచ్చును. మన నడకను మాత్రము చూచుచునే యుందురు. సెలవు.