పరభాషావిద్యయు ప్రభుత్వాదరమును

ప్రభుత్వము దేనికి ధనమిచ్చునో దానిని బట్టి యది దేనిని ప్రియముగా నెంచుచున్నదో తెలియునని మనమనుకొందుము. కొన్ని యెడల నది దేనికి భయపడుచున్నదో కూడ తెలియును. అమెరికా సంయుక్త రాష్ట్రముల పాఠశాలలలో పరభాషా బోధనకు కలిగిన యాదరానాదరముల చరిత్ర యిందుకు నిదర్శనము.

1915వ సంవత్సరమున నా దేశపు ఉన్నత పాఠశాలలలో నూటికి 24 మంది విద్యార్థులు జర్మను భాష నభ్యసించుచుండిరి. 1917లో నా దేశము ప్రథమ ప్రపంచ సంగ్రామమున ప్రవేశించినంతనే శత్రువు పలుకు భాషయు శత్రువే యను భావము ప్రబలెను. 1922 నాటికి జర్మను చదువువారు నూటికొక్కరికంటెను తగ్గిపోయిరి. నెబ్రాస్కా రాష్ట్రము 1919లో, ఎనిమిదవ తరగతి దాటని పిల్లలకు పరభాషలు నేర్పరాదని శాసనమే చేసెను. పదేండ్ల బిడ్డకు జర్మను పాఠము చెప్పినందుకు రాబర్టు మేయరను నుపాధ్యాయునకు జరిమానా పడెను. ఆ వ్యాజ్యము సర్వోన్నత న్యాయస్థానము వరకు పోగా, 1923 జూన్ 4న నా శాసనము చెల్లదని తీర్పు వచ్చెను. బోధించు స్వేచ్ఛ దక్కెను గాని, పోయిన విద్యార్థులు మరల రాలేదు.

ముప్పదినాలుగేండ్లకు భయము వేఱొక రూపమున వచ్చెను. 1957 అక్టోబరు 4న సోవియట్ దేశము స్పుత్నిక్కును ఆకసమున కెగురవేసెను. తాము వెనుకబడితిమని అమెరికనులు కలత చెందిరి. మఱుసటి యేట సెప్టెంబరు 2న ఐసెన్‌హోవర్ అధ్యక్షుడు జాతీయ రక్షణ విద్యాశాసనముపై సంతకము చేసెను. శాస్త్ర గణితములతోపాటు పరభాషలకును అందు స్థానము కలిగెను. పాఠశాలలకు బోధన పరికరములు కొనుటకై కేంద్రము ధనమిచ్చి, రాష్ట్రములు సమానభాగము వేసికొనవలెనని విధించెను. ఉపాధ్యాయులకు శిక్షణ తరగతులును, విశ్వవిద్యాలయములలో భాషాకేంద్రములును వెలసెను. ఒకప్పుడు పాఠము చెప్పినవానిని శిక్షించిన దేశమే పాఠము చెప్పువానిని తయారుచేయ బూనుకొనెను. ఇది గొప్ప మేలే. అయినను శాసనము పేరులో విద్యకు ముందు రక్షణ నిలిచియుండుట గమనింపదగినది.

ఆ యుత్సాహము నిలువలేదు. 1965లో ఉన్నత పాఠశాలలలో నూటికి 24 మంది పరభాష చదువుచుండగా, అది 15కు దిగజారెనని కార్టరు అధ్యక్షుడు నియమించిన సంఘము 1979లో ప్రకటించెను. ఇందుకు భయము చల్లారుటయే కారణమనజాలము. ప్రవేశమునకు పరభాష కావలెనను కళాశాలలు 1966లో నూటికి 34 ఉండగా, అవియు 8కి తగ్గెను. పై మెట్టున నక్కఱలేదన్న విద్యను క్రింది మెట్టున నెవరు శ్రద్ధగా నేర్తురు? 1988లో పాఠశాలల కొఱకే పరభాషా సహాయపథకమొకటి చట్టమయ్యెను; 2012 నాటికి దానికిని ధనము నిలిచిపోయెను.

భాష యొక యేటి పంట కాదు. ఉపాధ్యాయుడు సిద్ధమగుటకే కొన్ని యేండ్లు పట్టును. బిడ్డ నాలుక తిరుగుటకు మఱికొన్ని పట్టును. నడుమ ధనమాగెనేని రెండు శ్రమలును వ్యర్థములు. కావున ప్రభుత్వములు యంత్రములు కొనుటకంటె ముందు ఉపాధ్యాయుల జీతములను పదికాలములపాటు నిలుచునట్లు కట్టుదిట్టము చేయుట మేలని మాకు తోచుచున్నది. పొరుగువాని భాషను వానికి వెఱచి నేర్చినవాడు వెఱపు తీరగానే మఱచును. వాని మాట వినగోరి నేర్చినవానికి ఆ విద్య నిలుచును.