అంగస్తంభన లోపం - వ్యాధి నిర్ధారణ

సంభోగానికి తగినంతగా పురుషాంగం గట్టిపడకపోవడం, లేదా గట్టిపడినా ఆ స్థితి నిలవకపోవడం కొన్ని నెలలపాటు కొనసాగితే దానిని అంగస్తంభన లోపం అంటారు. ఒకటి రెండు సార్లు విఫలమైనంత మాత్రాన అది వ్యాధి కాదు. తెలుగులో దీనికి ఇంకా వాడుకలో ఉన్న 'నపుంసకత్వం' అనే మాట రోగిని కించపరుస్తుందే గాని రోగాన్ని తెలుపదు.

వివరాల సేకరణ

నిర్ధారణలో ప్రధాన భాగం యంత్రాలతో కాక మాటలతోనే జరుగుతుంది. లోపం హఠాత్తుగా మొదలైందా, క్రమంగా పెరిగిందా, నిద్ర లేచే వేళ స్తంభన కలుగుతున్నదా అని వైద్యులు అడుగుతారు. హఠాత్తుగా మొదలై, వేకువ స్తంభన మామూలుగానే ఉంటే మానసిక కారణాన్ని అనుమానిస్తారు. క్రమంగా పెరిగి, వేకువ స్తంభన కూడా తగ్గితే శారీరక కారణాన్ని వెదకుతారు. చాలామందిలో రెండూ కలిసే ఉంటాయి. మధుమేహం, పొగత్రాగుడు, మద్యం, వాడుతున్న మందులు అన్నీ దాచకుండా చెప్పాలి. రక్తపోటుకు, మానసిక కుంగుబాటుకు ఇచ్చే కొన్ని మందుల వలన కూడా ఈ లోపం రావచ్చు. గుండెనొప్పికి నైట్రేట్లు వాడేవారు ఆ సంగతి తప్పక తెలపాలి. వాటితోపాటు సిల్డెనాఫిల్ తీసుకుంటే రక్తపోటు ప్రాణాపాయకరంగా పడిపోతుంది.

తీవ్రతను అంచనా వేయడానికి ఐదు ప్రశ్నల పట్టిక ఒకటి ఉంది. అందులో 25కు 21 లేదా అంతకంటే తక్కువ వస్తే లోపం ఉన్నట్లు భావిస్తారు.

పరీక్షలు

రక్తపోటు, నాడి, జననాంగాలను పరిశీలించిన తరువాత రక్తంలో చక్కెర, కొలెస్టరాల్, టెస్టోస్టిరాన్ పరీక్షలు చేయిస్తారు. టెస్టోస్టిరాన్ ఉదయం వేళ అధికంగా ఉంటుంది కనుక రక్తం అప్పుడే తీస్తారు. తక్కువగా కనిపిస్తే మరొక రోజు మళ్ళీ పరీక్షిస్తారు.

ఇంతకు మించిన పరీక్షలు అందరికీ అవసరం లేదు. అవసరమైనవారికి, స్తంభన కలిగించే మందును సూదితో ఇచ్చి డాప్లర్ ద్వారా ధమనులలో రక్తవేగాన్ని కొలుస్తారు. అది సెకనుకు 25 సెంటీమీటర్లకు తక్కువైతే ధమనుల లోపంగా గుర్తిస్తారు. నిద్రలో కలిగే స్తంభనను తెలుసుకోవడానికి పూర్వం తపాలా బిళ్ళల వరుసను అంగం చుట్టూ అంటించేవారు. తెల్లవారేసరికి బిళ్ళలు విడిపోయి ఉంటే స్తంభన కలిగినట్లు. తరువాత ఆ పనికి పరికరాలు వచ్చాయి.

గుండెతో సంబంధం

పురుషాంగపు ధమనుల వ్యాసం 1-2 మిల్లీమీటర్లు, గుండె ధమనులది 3-4 మిల్లీమీటర్లు. కొవ్వు పేరుకొన్నప్పుడు సన్నని ధమనులలో ఇబ్బంది ముందుగా బయటపడుతుంది. అందుచేత గుండెజబ్బు లక్షణాలకు కొన్ని సంవత్సరాల ముందే ఈ లోపం కనిపించవచ్చు. సిగ్గుతో దాచినవారు, గోడల మీది ప్రకటనలను నమ్మి మందులు కొన్నవారు ఈ హెచ్చరికను కోల్పోతారు. అటువంటి ప్రకటనలను భారతదేశంలో 1954 నాటి చట్టం నిషేధించింది, అయినా అవి కనబడుతూనే ఉన్నాయి. గుండెజబ్బు ముప్పు ఎక్కువగా ఉన్నవారికి చికిత్స ప్రారంభించే ముందు ఈసీజీ, ట్రెడ్‌మిల్ వంటి పరీక్షలు కూడా చేయిస్తారు.