టాటా మెమోరియల్ ఆసుపత్రి: టాటా కుటుంబ దాన చరిత్ర

ముంబయి పరేల్ ప్రాంతంలోని టాటా మెమోరియల్ ఆసుపత్రి భారతదేశంలో క్యాన్సర్ వైద్యానికి, పరిశోధనకు పేరెన్నికగన్న కేంద్రం. సర్ దొరాబ్జీ టాటా ట్రస్టు కట్టించిన ఈ ఆసుపత్రి 1941 ఫిబ్రవరి 28న ప్రారంభమైంది. 1962 నుంచి కేంద్ర ప్రభుత్వ అణుశక్తి విభాగం దీన్ని నడుపుతోంది. దీని పుట్టుక వెనక ఒక కుటుంబపు దుఃఖం ఉంది. ఎదుగుదల వెనక అదే కుటుంబంలోని మూడు తరాల శ్రద్ధ ఉంది.

టాటా సంస్థల స్థాపకుడు జంషెట్జీ పెద్ద కొడుకు దొరాబ్జీ. ఆయన భార్య మెహెర్‌బాయి. ఆమె బాల్యవివాహాలకు వ్యతిరేకంగా పోరాడింది, మహిళా సంఘాలను నడిపింది, టెన్నిస్‌లోనూ రాణించింది. రక్త క్యాన్సర్ వచ్చి 1931 జూన్‌లో ఉత్తర వేల్స్‌లోని ఒక నర్సింగ్ హోమ్‌లో కన్నుమూసింది. అంతటి సంపన్న కుటుంబానికి కూడా ఆనాడు స్వదేశంలో ఈ జబ్బుకు సరైన ఆసుపత్రి దొరకలేదు. ఇక పేదవాళ్ల గతి చెప్పనక్కరలేదు. దొరాబ్జీని ఆసుపత్రి ఆలోచన వైపు నడిపించింది ఈ లోటే.

ఆ దంపతులకు పిల్లలు లేరు. 1932 మార్చిలో దొరాబ్జీ తన ఆస్తి దాదాపు మొత్తాన్ని, టాటా సంస్థల మాతృ కంపెనీ టాటా సన్స్‌లోని వాటాలతో సహా, తన పేరిట నెలకొల్పిన ట్రస్టుకు రాసేశాడు. ఏప్రిల్‌లో భార్య జ్ఞాపకార్థం లేడీ టాటా మెమోరియల్ ట్రస్టు పెట్టాడు. దాని ఆదాయంలో ఐదింట నాలుగు వంతులు ప్రపంచంలో ఎక్కడైనా సరే రక్త క్యాన్సర్ మీద జరిగే పరిశోధనకు, మిగతా వంతు మానవ బాధలను తగ్గించే శాస్త్ర పరిశోధనకు మన దేశంలోనే ఖర్చు చేయాలని నిర్దేశించాడు. ఆ జూన్‌లోనే జర్మనీలో మరణించాడు. ఆసుపత్రికి పునాది కూడా పడకముందే అసలు సంకల్పకర్త వెళ్లిపోయాడు.

ట్రస్టుకు చేరిన సంపదలో మెహెర్‌బాయి నగలు కూడా ఉన్నాయి. వాటిలో 245 క్యారెట్ల జూబిలీ వజ్రం ఒకటి, కోహినూర్‌కు రెట్టింపు కన్నా పెద్దది. 1924లో టాటా ఉక్కు కర్మాగారం జీతాలివ్వలేని దశకు చేరినప్పుడు దొరాబ్జీ ఈ వజ్రాన్నీ, తన సొంత ఆస్తినీ బ్యాంకులో తాకట్టు పెట్టి కోటి రూపాయల అప్పు తెచ్చాడు. గండం గట్టెక్కాక విడిపించుకున్న వజ్రాన్ని ఆయన మరణానంతరం 1937లో అమ్మి, సొమ్మును ట్రస్టుకు జమ చేశారు. అలా ఒకసారి కార్మికుల జీతాలకు పూచీగా నిలిచిన ఆ రాయి, తరువాత దానధర్మాలకు మూలధనమైంది.

దొరాబ్జీ తరువాత టాటా సన్స్ పగ్గాలు జంషెట్జీ మేనల్లుడు నౌరోజీ సక్లత్‌వాలా చేతికి వచ్చాయి. ఆసుపత్రి ప్రయత్నాన్ని ఆయన వదలలేదు. 1938లో ఆయన కూడా పోవడంతో బాధ్యత జె.ఆర్.డి. టాటాకు చేరింది. అప్పటికి ఆయన వయసు 34 ఏళ్లు. ప్రపంచయుద్ధం సాగుతుండగానే నిర్మాణం పూర్తయి, బొంబాయి గవర్నర్ రోజర్ లమ్లీ చేతుల మీదుగా 80 పడకల ఆసుపత్రి తెరుచుకుంది. ఎర్నెస్ట్ బోర్జెస్ వంటి శస్త్రవైద్యులు, వి.ఆర్. ఖనోల్కర్ వంటి వ్యాధి నిర్ధారణ నిపుణులు దానికి ప్రతిష్ఠ తెచ్చారు. నేడు ఆసుపత్రి ముందున్న రోడ్డుకు బోర్జెస్ పేరే ఉంది.

ఈ చరిత్రలో అన్నిటికన్నా గొప్ప ఘట్టం ఆసుపత్రిని కట్టడం కాదు, విడిచిపెట్టడం. దేశమంతటికీ అవసరమైన సంస్థ కనుక 1957లో దీన్ని కేంద్ర ఆరోగ్య శాఖ స్వీకరించింది. ఐదేళ్ల తరువాత అణుశక్తి విభాగానికి బదిలీ అయింది. రోగ నిర్ధారణలోనూ చికిత్సలోనూ రేడియేషన్ పాత్ర పెరగబోతోందని జె.ఆర్.డి., ఆ విభాగాధిపతి హోమీ భాభా ముందే గ్రహించారు. భాభాకు మెహెర్‌బాయి స్వయానా మేనత్త. అంటే ఆసుపత్రి ప్రభుత్వపరమైనా ఆమె మేనల్లుడి సంరక్షణలోకే వచ్చింది. 1966లో దీన్నీ, ఖనోల్కర్ తీర్చిదిద్దిన భారత క్యాన్సర్ పరిశోధన కేంద్రాన్నీ కలిపి టాటా మెమోరియల్ సెంటర్‌గా ఏర్పరచారు. ఆ ఏడాది జనవరిలోనే భాభా విమాన ప్రమాదంలో మరణించాడు.

దాత పేరు నిలిచింది, అజమాయిషీ ప్రజలది అయింది. ఇలా యాజమాన్యాన్ని వదులుకోగలిగిన దాతలు అరుదు. ప్రభుత్వ నిధులు వచ్చాక 80 పడకలు 600 దాటాయి. చికిత్స పొందేవారిలో అధిక శాతానికి వైద్యం దాదాపు ఉచితంగా అందుతోంది.

కుటుంబ దానం అంతటితో ఆగలేదు. టాటా సన్స్ వాటాల్లో దాదాపు మూడింట రెండు వంతులు ధర్మ ట్రస్టులవే. అందువల్ల కంపెనీ పంచే డివిడెండ్లలో పెద్ద భాగం దానాలకు చేరుతుంది, మూలధనం తరగదు. రతన్ టాటా ట్రస్టుల అధ్యక్షుడిగా ఉండగా క్యాన్సర్ వైద్యం మళ్లీ ముఖ్య కార్యక్రమమైంది. 2011లో కోల్‌కతాలో టాటా మెడికల్ సెంటర్ మొదలైంది. అస్సాం ప్రభుత్వంతో కలిసి నెలకొల్పిన ఏడు ఆసుపత్రులు 2022లో ప్రారంభమయ్యాయి.

ఆంధ్రప్రదేశ్‌కూ ఇందులో భాగం దక్కింది. తిరుమల తిరుపతి దేవస్థానాలు ఇచ్చిన 25 ఎకరాల స్థలంలో శ్రీ వేంకటేశ్వర క్యాన్సర్ ఆసుపత్రికి 2018 ఆగస్టులో రతన్ టాటా సమక్షంలో శంకుస్థాపన జరిగింది. 2022 మేలో అది సేవలోకి వచ్చింది. అంతకు ముందు వెల్లూరుకో చెన్నైకో వెళ్లక తప్పని ఎందరో రాయలసీమ రోగులకు ఇప్పుడు సొంత ప్రాంతంలోనే చికిత్స దొరుకుతోంది. విశాఖపట్నం అగనంపూడిలో టాటా మెమోరియల్ సెంటర్ నడిపే ఆసుపత్రి ఉత్తరాంధ్రకు అండగా ఉంది. దానికి హోమీ భాభా పేరు పెట్టారు.