బొంబాయి – లండను: ఆకాశమార్గము

కాశికి పోయినవాడును కాటికి పోయినవాడును సమానమని మన పూర్వులనెడివారు. ఆ మాటకు కారణము కేవలము దూరము కాదనియు, త్రోవలో గడచు దినములే యనియు నేను తలచుచున్నాను. విమానముల చరిత్ర యిందుకు నిదర్శనము.

1929 మార్చి 30వ తేదీన లండను చెంతనున్న క్రాయిడన్ నుండి కరాచీకి విమానపు టపా ప్రారంభమయ్యెను. బేసెల్ వఱకు విమానము, జెనోవాకు రైలు, మధ్యధరాసముద్రముపై నీటివిమానము, ఈజిప్టునుండి మరల నేలవిమానము: మొత్తము ఏడు దినములు. 1932 అక్టోబరు 15న జె. ఆర్. డి. టాటాగారు టపాను కరాచీనుండి బొంబాయికి తామే విమానము నడిపి తెచ్చిరి. అచ్చటినుండి నెవిల్ విన్సెంటు దొరగారు బళ్ళారిమీదుగా మదరాసునకు చేర్చిరి.

1948 జూన్ 8న 'మలబారు ప్రిన్సెస్' అను విమానము 35 మంది ప్రయాణికులతో బొంబాయి విడిచి, కైరో, జెనీవాలలో ఆగి, 10వ తేదీన లండను చేరెను. ఆ నగరముల నడిమి దూరము సుమారు 7,200 కిలోమీటర్లు. నేడు విమానము ఎచ్చటను ఆగక తొమ్మిది పది గంటలలో దానిని దాటుచున్నది. పడమటినుండి వీచు ఎత్తుగాలులు తోడగుటచే తిరుగుప్రయాణమునకు కాలము తక్కువ.

భూమి కుదించుకొనలేదు, మజిలీలు తగ్గినవి. పూర్వము సీమకు పోయిన కుమారునికి తల్లి మరణవార్త తంతిద్వారా చేరినను, ఓడపై అతడు వచ్చునప్పటికి కర్మకాండ ముగిసెడిది. నేడు బయలుదేరినచో కడసారి చూపు దక్కవచ్చును. గంటల లెక్కకు విలువ యిదియే యని నా మనవి.